శాఫ్ బరిలో అతిథులు: 2023 బెంగళూరు టోర్నీ

దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ పోటీ శాఫ్ చాంపియన్‌షిప్ చరిత్ర రాయబోతే అది భారత్ గెలుపుల చిట్టాగా మారిపోయే ప్రమాదం ఉంది. 1993లో లాహోర్‌లో మొదలైనప్పటి నుంచి 2023 దాకా 14 టోర్నీలు జరిగితే తొమ్మిది టైటిళ్లు భారత్‌వే. నాలుగుసార్లు రన్నరప్. 2003లో ఢాకాలో మాత్రమే మొదటి రెండు స్థానాల్లో చోటు దక్కలేదు. మాల్దీవులు రెండుసార్లు, శ్రీలంక, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ ఒక్కోసారి గెలిచాయి. ఇంత ఏకపక్షంగా సాగే పోటీలో కప్పుకు విలువెంత?

ఈ ఆధిపత్యం శాఫ్‌తో మొదలైంది కాదు. 1952–55 మధ్య భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్ ఆడిన కొలంబో కప్‌లో నాలుగుసార్లూ భారతే విజేత. తొలిసారి మాత్రం పాక్‌తో పంచుకుంది. ఆ తరం ఫుట్‌బాల్‌లో బెంగళూరు వాటా చిన్నదేం కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌పై భారత్ ఏకైక గోల్ కొట్టిన సారంగపాణి రామన్, ఫార్వర్డ్ అహ్మద్ ఖాన్ ఈ ఊరివాళ్లే.

ఆ ఊరికే, శ్రీ కంఠీరవ స్టేడియానికి, 2023 జూన్ 21న శాఫ్ వచ్చింది. అప్పటికి అఫ్గానిస్తాన్ మధ్య ఆసియా కూటమికి వెళ్లిపోయింది. శ్రీలంకపై ఫిఫా నిషేధం. ఎనిమిది జట్ల పోటీకి పశ్చిమాసియా నుంచి కువైట్, లెబనాన్‌లను అతిథులుగా పిలిచారు. టోర్నీ బరువు మారింది అక్కడే.

తొలిరోజు పాకిస్తాన్‌తో భారత్ మ్యాచ్ పాత పద్ధతిలోనే ముగిసింది. వీసాల ఆలస్యంతో ఆ జట్టు ఆటకు కొన్ని గంటల ముందే నగరంలో దిగింది. సునీల్ ఛెత్రి హ్యాట్రిక్, అందులో రెండు పెనాల్టీలు, 4–0. త్రో-ఇన్ వేయబోతున్న పాక్ ఆటగాడి చేతిలోని బంతిని తోసేసి భారత కోచ్ ఇగోర్ స్టిమాక్ రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. అంత తేలిక మ్యాచ్‌లో ఆ దుడుకు ఎందుకో! నేపాల్‌పైనా 2–0తో గెలిచారు. కువైట్ ఎదురయ్యేసరికి లెక్క మారింది. ఇంజురీ టైమ్‌లో అన్వర్ అలీ సెల్ఫ్ గోల్‌తో 1–1. స్టిమాక్‌కు మళ్లీ రెడ్ కార్డు. సెమీస్, ఫైనల్ భారం అసిస్టెంట్ కోచ్ మహేశ్ గావ్లీ మీద పడింది.

సెమీస్ చేరిన నాలుగింటిలో రెండు అతిథి జట్లే. బంగ్లాదేశ్ కువైట్‌ను ఎక్స్‌ట్రా టైమ్ దాకా లాగి 0–1తో ఓడింది; ఆ టోర్నీలో తగినంత గుర్తింపు రాని పోరాటం అది. లెబనాన్‌తో భారత్ 120 నిమిషాలాడినా గోల్ లేదు, షూటౌట్‌లో 4–2. జూలై 4 ఫైనల్లో 14వ నిమిషంలో షబీబ్ అల్ ఖాల్దీ కువైట్‌కు ఆధిక్యం ఇస్తే, విరామంలోపే భారత ఆటగాడు ఛాంగ్టే సమం చేశాడు. మళ్లీ షూటౌట్. సడన్‌డెత్‌లో నావొరెమ్ మహేశ్ సింగ్ కొట్టాడు, గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆపాడు, 5–4.

నావొరెమ్ మహేశ్ మణిపూర్‌వాడు. ఆ రాష్ట్రం రెండు నెలలుగా హింసలో ఉంది. అక్కడివాడే అయిన మరో భారత ఆటగాడు జీక్సన్ సింగ్, మణిపూర్‌లోని మెయితీ వర్గం వారి ఏడు రంగుల జెండా కప్పుకొని పతకం అందుకోవడంతో సంబరం మధ్యలోనే వివాదం రేగింది. శాంతి కోరే అలా చేశానని అతను వివరణ ఇచ్చాడు.

స్కోర్లను విడదీసి చూస్తే సంగతి తెలుస్తుంది. దక్షిణాసియా జట్లను భారత్ 90 నిమిషాల్లోనే ఓడించింది. అతిథులతో మూడు మ్యాచ్‌లాడి ఒక్కటీ షూటౌట్ లేకుండా గెలవలేదు. తొమ్మిది టైటిళ్లలో దీనికే ఎక్కువ విలువ కట్టాలనడానికి కారణమదే. భారత్ స్థాయి ఎక్కడుందో చూపిందీ అదే. 2024 జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో మళ్లీ కువైట్ తగిలింది. 2023 నవంబరులో కువైట్ సిటీలో 1–0తో గెలిచిన జట్టే, 2024 జూన్ 6న కోల్‌కతాలో ఛెత్రి వీడ్కోలు మ్యాచ్‌లో 0–0 దగ్గర ఆగింది. ఆ గ్రూపు నుంచి ఖతార్‌తో పాటు మూడో రౌండ్‌కు వెళ్లింది కువైట్.