అంటించిన అక్షరం: తెలుగు నామఫలకాల చరిత్రలో వినైల్ దశ

వ్యాససంగ్రహం

తెలుగు పట్టణాలలో దుకాణాల బోర్డులను, వాహనాల మీది రాతలను ఒకప్పుడు పెయింటర్లు కుంచెతో రాసేవారు. గత మూడు దశాబ్దాలలో వాటి స్థానంలోకి యంత్రం కోసిన వినైల్ స్టిక్కర్లు, ఆ తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఈ మార్పును ఉపాధి కోణం నుండి చర్చించడం పరిపాటి. వినైల్‌తో తెలుగు అక్షరం మన బహిరంగ స్థలాలలో మొదటిసారిగా ‘తొలగించడానికి వీలుగా’ తయారైందనీ, అందువల్ల సమీప గతపు వీధిరాత సాక్ష్యాలు శాసనాల కంటే వేగంగా నశిస్తున్నాయనీ నిరూపించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: నామఫలకాలు, వినైల్, రేడియం స్టిక్కర్, తెలుగు లిపి, ఖతులు, ఫ్లెక్సీ, భద్రపరచడం.

1. ఉపోద్ఘాతం

కడప జిల్లా కలమళ్లలో లభించిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని పరిశోధకులు నిర్ణయించారు. రాతిపై చెక్కిన అక్షరానికి నిలకడే ప్రయోజనం. దానశాసనాలు తమ మాట ‘ఆచంద్రతారార్కం’ చెల్లాలని కోరుకున్నాయి. నేటి స్టిక్కర్ షీటుకు మాత్రం అది ఎన్నేళ్లు పనిచేస్తుందో తయారీదారే ముందుగా చెబుతాడు. ఈ రెండు అక్షరాల మధ్య ఉన్న భేదం కేవలం పదార్థానికి సంబంధించినది కాదు. అక్షరం ఎంతకాలం ఉండాలి, దానిని ఎవరు మార్చవచ్చు అనే విషయాలలో సమాజం ఆలోచన మారిందనడానికి అది గుర్తు.

శాసనాలకు, తాళపత్రాలకు, అచ్చు పుస్తకాలకు మన పరిశోధనలో స్థిరమైన చోటు ఉంది. వీధిలో కనబడే అక్షరానికి అటువంటి చోటు ఇంకా ఏర్పడలేదు. ఆ లోటును గుర్తు చేయడానికి వినైల్ చరిత్ర మంచి ఆధారం.

2. కుంచె కాలం

బోర్డు రాసే పెయింటర్ ముందుగా రేకుకు పూత వేసి ఆరబెట్టేవాడు. సుద్ద పూసిన దారాన్ని బిగించి లాగి వదిలితే తిన్నని గీత పడేది. ఆ గీతల మధ్య అక్షరాలను అంచనాగా కూర్చుకొని, ఎనామిల్ రంగుతో నింపి, పక్కన నీడ గీసేవాడు. బోర్డు మూలన తన పేరో, ‘ఆర్ట్స్’ అని ముగిసే తన దుకాణం పేరో చిన్న అక్షరాలతో రాసుకునేవాడు. ఆ సంతకం వల్ల ఫలానా ఊరిలో ఫలానా వారి చేతిరాత అని గుర్తించడం సాధ్యమయ్యేది.

ఈ పద్ధతిలో తొలగింపు అనే పని విడిగా లేదు. దుకాణం చేతులు మారితే పాత రాత మీదనే కొత్త పూత వేసేవారు. పైపూత పెచ్చులూడినప్పుడు అడుగున ఉన్న పాత పేరు బయటపడేది. అంటే కుంచె కాలపు బోర్డు తన పూర్వచరిత్రను పొరలు పొరలుగా తనలోనే దాచుకుంది.

3. వినైల్ రూపొందిన క్రమం

వినైల్ అని వ్యవహరించే పదార్థం పాలీవినైల్ క్లోరైడ్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూజెన్ బామన్ 1872లో దీనిని గమనించాడు. సహజస్థితిలో ఇది పెళుసుగా ఉంటుంది. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ సంస్థలో పనిచేసిన వాల్డో సీమన్ దీనికి మెత్తదనం కలిగించే ద్రవాలను చేర్చి, వంగే గుణం తెచ్చాడు. 1935లో స్టాంటన్ ఎవరీ వెనుక జిగురు ఉండి, కాగితం నుండి ఒలిచి అంటించే లేబుళ్ల తయారీని ప్రారంభించాడు. మెత్తని పొర, సిద్ధంగా ఉన్న జిగురు అనే ఈ రెండింటి కలయికే స్టిక్కర్.

మూడవ అంశం యంత్రం. 1983లో గెర్బర్ సైంటిఫిక్ సంస్థ ‘సైన్‌మేకర్ 3’ అనే యంత్రాన్ని వెలువరించింది. కంప్యూటర్ ఆదేశం ప్రకారం చిన్న కత్తి కదిలి, అడుగు కాగితం తెగకుండా పై పొరను మాత్రమే అక్షరాకారంలో కోస్తుంది. చేతిరాత నైపుణ్యం లేనివారు కూడా బోర్డు తయారుచేయగల స్థితి దీనితో ఏర్పడింది. అమెరికాలో బోర్డులు రాసేవారి వృత్తి దీని వల్ల ఎలా కుంగిందో 2012లో వెలువడిన ‘సైన్ పెయింటర్స్’ అనే పుస్తకం నమోదు చేసింది. తెలుగు ప్రాంతాలలో ఆ మార్పు కొంత ఆలస్యంగా, డీటీపీ కేంద్రాల విస్తరణతో పాటు వచ్చింది.

4. ‘రేడియం’ అనే మాట

తెలుగు వీధులలో ఈ వృత్తికి వినైల్ అనే పేరు స్థిరపడలేదు. ‘రేడియం స్టిక్కర్’, ‘రేడియం కటింగ్’, ‘రేడియం వర్క్స్’ అన్నవే వాడుకలోని మాటలు. నిజానికి ఆ షీట్లలో రేడియం లేదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో గడియారాల అంకెలు చీకటిలో మెరవడానికి రేడియం కలిసిన రంగు వాడేవారు. వాహనాలపై అంటించే ప్రతిఫలన షీట్లు, తమపై పడిన దీపకాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. రెండూ చీకటిలో కనబడేవే కనుక పాత పేరు కొత్త వస్తువుకు సంక్రమించిందని భావించవచ్చు. తరువాత అది మెరుపు లేని సాధారణ స్టిక్కర్‌కు కూడా విస్తరించింది. భాషాశాస్త్రంలో చెప్పే అర్థవ్యాకోచానికి ఇది సమకాలీన ఉదాహరణ.

5. కత్తిమొన ముందు తెలుగు లిపి

రోమన్ లిపిలోని పెద్ద అక్షరాలు చాలావరకు ఒక్కో ముక్కగా తెగుతాయి. తెలుగు లిపి స్వభావం వేరు. ప, ష, స వంటి అక్షరాలలో తలకట్టు ఒడలికి తగలకుండా విడిగా నిలుస్తుంది. వత్తులు కింద వేరుగా ఉంటాయి. ‘థ’ లోపలి చుక్క మరొక విడి ముక్క. యంత్రం కోసిన తరువాత అక్కరలేని భాగాన్ని సూదిమొనతోనో పట్టకారుతోనో ఏరి తీసివేయాలి. ఆ పనిలో చుక్క లేచిపోతే ‘థ’ కాస్తా ‘ధ’ అవుతుంది. బోర్డులపై కనబడే అక్షరదోషాలన్నీ రాసినవారి అజ్ఞానం వల్లనే కలగవని దీని వల్ల గ్రహించాలి.

ఖతుల నిర్మాణం వల్ల మరొక సమస్య ఏర్పడింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించినా, డీటీపీ రంగంలో అను వంటి పాత పద్ధతి ఖతులే చాలాకాలం రాజ్యమేలాయి. వాటిలో ఒక గుణింతాక్షరం అనేక ముక్కలు ఒకదానిపై ఒకటి ఒరిగి ఏర్పడుతుంది. కాగితంపై అచ్చువేస్తే ఆ అతుకు కనబడదు. కత్తి మాత్రం ప్రతి ముక్క అంచునూ అనుసరించి అక్షరం మధ్యలో కూడా కోస్తుంది. కనుక కోతకు ముందే ముక్కలన్నింటినీ ఒకే ఆకృతిగా కలపాలి. అలా కలిపిన తరువాత కంప్యూటర్ దృష్టిలో అది అక్షరం కాదు, ఒక గీత మాత్రమే. ఆ ఫైలులో ఏ పేరునూ వెతకలేము. కలపని ఫైలును ఆ ఖతి లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని రోమన్ అక్షరాలే కనబడతాయి. కంప్యూటర్‌లో పుట్టినంత మాత్రాన ఈ రాత భద్రంగా ఉన్నదనుకోవడం పొరపాటు.

6. అంటించడం, తొలగించడం

అంటించే పనిలో మొదటి మెట్టు శుభ్రత. ధూళి గాని జిడ్డు గాని ఉంటే జిగురు పట్టదు. ఏరిన అక్షరాలపై మరొక జిగురు కాగితాన్ని పరచి, వాటిని వరుస చెదరకుండా ఒకేసారి ఎత్తి బోర్డు మీదికి మారుస్తారు. అద్దం మీద అంటించేటప్పుడు సబ్బునీరు చల్లితే కొంతసేపు అటూ ఇటూ జరిపే వీలు ఉంటుంది. తరువాత మధ్య నుండి అంచులకు వత్తుతూ నీటిని, గాలిని బయటికి పంపుతారు.

తొలగించేటప్పుడు వేడిగాలితో జిగురును మెత్తబరచి, ఒక మూల నుండి ఏటవాలుగా, నిదానంగా లాగాలి. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న స్టిక్కర్ నుండి మెత్తదనమిచ్చే ద్రవాలు క్రమంగా వెలుపలికి పోతాయి. అప్పుడది పెళుసై, లాగినకొద్దీ చిన్న ముక్కలుగా విరుగుతుంది. సీమన్ పోగొట్టిన పెళుసుతనం ఈ విధంగా తిరిగి వస్తుంది.

తొలగింపు తరువాత తరచుగా ఒక జాడ మిగులుతుంది. చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసి, స్టిక్కర్ అడుగున ఉన్న రంగు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. అక్షరం పోయినా అక్షరాకారం చదవడానికి వీలుగా నిలుస్తుంది. చరిత్రకారునికి ఇది విలువైన సాక్ష్యం. కాని తరువాతి రంగు పూతతో అది కూడా మరుగవుతుంది.

7. రాజకీయ చరిత్రలో స్టిక్కర్

తెలంగాణ ఉద్యమ కాలంలో పలువురు వాహనదారులు నంబరు ప్లేట్లపై ‘ఏపీ’ స్థానంలో ‘టీజీ’ అని మార్చుకున్నారు. చట్టం అంగీకరించని ఆ రెండక్షరాలు ఒక రాజకీయ ప్రకటన. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినప్పుడు కార్యాలయాల బోర్డులపై ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం’ పోయి ‘తెలంగాణ ప్రభుత్వం’ వచ్చింది. వాహనాలకు ‘టీఎస్’ కేటాయించారు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వ ప్రకటనతో కొత్త వాహనాలకు ‘టీజీ’ అధికారికమైంది. ఒకప్పుడు సొంతంగా మార్చుకున్న అక్షరాలు పదేళ్ల తరువాత ప్రభుత్వ ముద్ర పొందాయి. ఉద్యమ కాలపు ఆ ప్లేట్లను ఎంతమంది దాచి ఉంటారన్నది ఆలోచించవలసిన విషయం.

అదే కాలంలో ఈ వృత్తి కూడా ఒడుదొడుకులకు లోనైంది. 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త వాహనాలకు హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు తప్పనిసరి కావడంతో రేడియం దుకాణాలకు కొంత పని తప్పింది. కుంచెను పక్కకు నెట్టిన కత్తి, ఉబ్బెత్తు అక్షరాల ప్లేటు ముందు తానే తగ్గవలసి వచ్చింది. బోర్డుల రంగంలో ఫ్లెక్సీ ముద్రణ మరింత చౌకగా, మరింత తాత్కాలికంగా నిలిచింది.

ఈ తాత్కాలికతకు మరొక ముఖం వ్యర్థం. అక్షరం కొద్ది రోజులలో పోయినా అది నిలిచిన ప్లాస్టిక్ మట్టిలో కలవదు. కాల్చితే విషవాయువులు వెలువడతాయి. 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లపై 2022 జూలై 1 నుండి దేశవ్యాప్తంగా నిషేధం అమలులోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్లు ప్రకటించింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. కుంచె రాతలో కొత్త పేరు పాత పేరును కప్పింది కాని నిర్మూలించలేదు. వినైల్‌లో పాత పేరు ఒలిచివేతకు గురై, కొంతకాలం నీడగా మాత్రమే మిగిలింది. ఫ్లెక్సీలో ఆ నీడ కూడా లేదు. అక్షరాలను అందరికీ చౌకగా అందించిన సాంకేతికతే వాటి జ్ఞాపకాన్ని కురచ చేసింది.

హనీఫ్ ఖురేషీ ‘హ్యాండ్‌పెయింటెడ్ టైప్’ అనే ప్రయత్నం ద్వారా భారతీయ వీధి పెయింటర్ల అక్షరాలను డిజిటల్ ఖతులుగా మలచాడు. తెలుగు పెయింటర్ల రాతకు, రేడియం దుకాణాల ఫైళ్లకు అంతటి శ్రద్ధ దక్కవలసి ఉంది. బోర్డులను తేదీ, ఊరు, తయారుచేసినవారి పేరుతో ఫోటో తీయడం, పాత ఫైళ్లను ఖతులతో సహా సేకరించి యూనికోడ్ పాఠం జతచేయడం, వృత్తిదారుల అనుభవాలను రికార్డు చేయడం విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు చేపట్టదగిన పనులు. కలమళ్ల రాయి దాదాపు పద్నాలుగున్నర శతాబ్దాలు వేచి ఉండగలిగింది. బజారులోని బోర్డుకు అంత వ్యవధి లేదు.