అక్షహృదయం: తానికాయ నుండి పోతపాచిక వరకు

‘పాచిక పారింది’ అంటే తెలుగువారికి ఎత్తు ఫలించిందని అర్థం. ఆ పలుకుబడిలో వంచన ఛాయ స్పష్టంగా ఉంది. సంస్కృత ‘పాశక’ శబ్దం నుండి పుట్టిన ఈ చిన్నమాట, ఒక క్రీడాసాధనం పేరుగా మొదలై కపటానికి పర్యాయంగా పరిణమించింది. మరి దోషం పాచికలో ఉన్నదా, దానిని చేసిన చేతిలో ఉన్నదా, వేసే మనస్సులో ఉన్నదా? పాచికల నిర్మాణచరిత్రను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు మన పూర్వులు ఇచ్చిన సమాధానం గోచరిస్తుంది.

ఆలంపూర్ సీమలో చింతగింజ

తుంగభద్రా తీరాన, శ్రీశైలానికి పశ్చిమద్వారంగా విరాజిల్లే ఆలంపూర్ క్షేత్రంలో బాదామి చాళుక్యులు క్రీ.శ. 7, 8 శతాబ్దులలో నవబ్రహ్మాలయాలను నిర్మించారు. వాటిలో స్వర్గబ్రహ్మాలయం వినయాదిత్యుని (681–696) కాలం నాటిదని శాసనం తెలుపుతోంది. పేర్లలో ‘బ్రహ్మ’ శబ్దమున్నా, ఇవి శివాలయాలే. ఆ శివుడు పురాణాలలో పాచికలాడిన దేవుడు. స్కాందపురాణంలోని కేదారఖండం ఆయన పార్వతీదేవితో ద్యూతమాడి సర్వస్వం ఓడిపోయిన కథను చెబుతుంది. ఎల్లోరా 21వ గుహలో ఆ దృశ్యం శిల్పమై నిలిచింది. జగన్మాత చేతిలో జగత్పతి ఓడటం శక్తి లేనిదే శివుడు ఏకాకి అని తెలిపే లీల.

ఈ పాలమూరు సీమలో అరుగులపై సాగే అష్టాచెమ్మ ఆటకు గవ్వలు దొరకనప్పుడు చింతగింజలే పాచికలవుతాయి. గింజను గరుకుబండపై ఒకవైపు అరగదీస్తే తెల్లని పప్పు బయటపడుతుంది. రెండవవైపు ముదురు తోలు నిలిచి ఉంటుంది. అటువంటి నాలుగు గింజలను కలిపి వేస్తారు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది. ప్రతి గింజ రెండువైపులా సమంగా పడుతుందని భావిస్తే మొత్తం 16 విధాలు సంభవిస్తాయి. వాటిలో రెండు పడే విధాలు 6. ఒకటికి 4, మూడుకు 4. చెమ్మకు, అష్టకు ఒక్కొక్కటే. అందుకే ఆ రెండింటికి అంత విలువ. కానీ ఏ గింజా సరిగ్గా సమంగా పడదు. అరగదీసిన తీరును బట్టి అది ఒకవైపుకు మొగ్గుతుంది. గృహనిర్మిత పాచికలన్నిటికీ ఈ పరీక్ష తప్పదు.

వేదకాలపు ఫలాక్షం

వేదకాలంలో పాచిక చేతితో చేసినది కాదు, చెట్టు ఇచ్చినది. ఋగ్వేద దశమమండలంలోని 34వ సూక్తం అక్షసూక్తంగా ప్రసిద్ధం. అందులోని అక్షాలు విభీతక ఫలాలు, అంటే మన తానికాయలు. త్రిఫలచూర్ణంలో చేరే తానికాయ ఇదే. ఆ వృక్షం నల్లమల అడవులలోనూ పెరుగుతుంది. ఆ కాయలకు ముఖాలు లేవు, చుక్కలు లేవు. రాశి నుండి తీసిన కాయలను నాలుగేసిగా లెక్కించినప్పుడు శేషం మిగలకపోతే కృతం. మూడు మిగిలితే త్రేత, రెండు మిగిలితే ద్వాపరం, ఒకటి మిగిలితే కలి. నాలుగు యుగాల పేర్లూ ఇవే కావడం ఆలోచనీయం. ద్యూతంలో భార్యనూ గృహాన్నీ పోగొట్టుకొన్నవాని విలాపం అక్షసూక్తం. చివరకు అది జూదం మాని వ్యవసాయం చేసుకొమ్మని హితం చెబుతుంది.

సింధులోయలోని మొహంజొదారోలో కాల్చిన మట్టి ఘనపాచికలు లభించాయి. నేటి పాచికలలో ఎదురెదురు ముఖాల మొత్తం ఏడు. అక్కడివాటిలో మాత్రం ఒకటికి ఎదురుగా రెండు, మూడుకు ఎదురుగా నాలుగు, అయిదుకు ఎదురుగా ఆరు కనిపిస్తాయి. మట్టిని పిసికి, ఘనంగా మలచి, చుక్కలు గుచ్చి కాల్చిన ఆ కుమ్మరికి కూడా సమత్వమే సమస్య అయి ఉండాలి. ఒక అంచు వంగితే ఆట అంతా వంగుతుంది.

రాజశాసనం, శిల్పశాస్త్రం

కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ సమస్యను రాజ్యవ్యవహారంగా స్వీకరించింది. ద్యూతాధ్యక్షుడు పరిశుద్ధమైన అక్షాలను తానే సమకూర్చాలి. వాటిని మార్చి వేరే పాచికలు పెట్టినవానికి 12 పణాల దండన. గెలుపు ధనంలో నూటికి అయిదు వంతులు రాజ్యానికి చెందుతాయి. ఆటగాడు తన పాచికను తానే తెచ్చుకోరాదన్న ఈ నియమం వెనుక మానవస్వభావంపై గాఢమైన అవగాహన ఉంది.

12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో రెండు విషయాలు ఒకే గ్రంథంలో చేరాయి: పాశకక్రీడా వర్ణన ఒకటి, మైనపుపోత విధానం మరొకటి. మైనంతో రూపం చేసి, దానిపై మట్టిపూతలు పూసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఏర్పడిన శూన్యంలోకి లోహద్రవాన్ని పోయడం ఆ పద్ధతి. దేవతామూర్తులకు ఉద్దేశించిన ఈ విద్యలో మైనాన్ని ముందే తూచి, దానికి తగిన లోహాన్ని నిర్ణయిస్తారు. తూకం తప్పితే మూర్తి అసంపూర్ణం.

ఆ సూత్రమే నేడు వేరొక రూపంలో కనిపిస్తోంది. బల్లచుట్టూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క కథాపాత్రను ధరించి ఆడే క్రీడలకు లోకమంతటా అభిమానులున్నారు. వారిలో కొందరు ఇరవై ముఖాల పాచికలను ఇంట్లోనే పోతపోస్తారు. సిలికాన్ అచ్చులో రెజిన్, దానిని గట్టిపరచే ద్రవం కలిపి పోసి, గట్టిపడ్డాక అంచులను సానబెడతారు. లోపల చిన్న గాలిబుడగ చిక్కుకొన్నా ఆ వైపు తేలికై, పాచిక పక్షపాతం వహిస్తుంది. దీనిని కనిపెట్టడానికి చిక్కని ఉప్పునీటిలో పాచికను తేల్చి, పదేపదే తిప్పి వదులుతారు. ప్రతిసారీ ఒకే ముఖం పైకి వస్తే ఆ పాచిక శుద్ధమైనది కాదు. బయటికి నిర్దోషంగా మెరిసేదానిలో అంతర్దోషాన్ని నీరు బయటపెడుతుంది.

దోషం ఎక్కడ?

శకుని తన తండ్రి ఎముకలతో పాచికలు చేసుకొన్నాడని జనశ్రుతి. వ్యాసభారతంలో ఆ కథ లేదు. ధర్మరాజు పరాజయానికి మాయాపాచికను కారణంగా చూపితే లోకానికి ఊరట. వ్యాసుడు ఆ ఊరటను ఇవ్వలేదు. శకుని కపటి, నిపుణుడు; ధర్మరాజుకు ద్యూతంపై ప్రీతి ఉన్నది, నైపుణ్యం లేదు. వ్యాసుడు చూపినది ఈ రెండింటి సంయోగాన్నే.

తరువాత అరణ్యపర్వంలో బృహదశ్వ మహర్షి ఆయనకు నలోపాఖ్యానం చెప్పాడు. ఆలంపూర్ ఆలయాలు కట్టిన వంశం నుండి చీలిన తూర్పు చాళుక్యుల కొలువులో, 11వ శతాబ్దిలో నన్నయ ఈ కథను తెనిగించాడు. కలి నలుని ఆవేశించాడు. ద్వాపరుడు పాచికలలో ప్రవేశించాడు. రాజ్యం పోయి బాహుకుడై రథం తోలుతున్న నలునికి, ఋతుపర్ణ మహారాజు ఒక తానిచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కచెప్పాడు. నలుడు రథం ఆపి, దిగి, స్వయంగా లెక్కించి సత్యాన్ని నిర్ధారించుకొన్నాడు. అశ్వహృదయానికి మారుగా అక్షహృదయం పొందాడు. ఆ క్షణమే కలి అతని దేహాన్ని వీడి ఆ చెట్టులో దూరాడు. అక్షహృదయం మంత్రమహిమ మాత్రమే కాదు, గణనం కూడా. ఊహను విడిచి ఉన్నదానిని ఉన్నట్లు చూడటం. చూపు నిర్మలమైనచోట కలికి నివాసం లేదు. పుష్కరుణ్ణి తిరిగి ద్యూతంలో గెలిచిన నలుడు అతణ్ణి దండించలేదు, క్షమించి పంపాడు.

బృహదశ్వుని వద్ద ధర్మరాజు కూడా ఆ విద్యను గ్రహించాడు. విరాటుని కొలువులో కంకుడనే పాత్రను ధరించి, వైడూర్య, సువర్ణ, దంతమయమైన అక్షాలతో ఆడాడు. పాచిక అదే, ఆడేవాడు మారాడు. ఒకనాడు విరాటుడు కోపంతో విసిరిన పాచిక తగిలి ముఖం నుండి రక్తం కారినప్పుడు, అది నేలపై పడకుండా దోసిట పట్టాడే గాని ఆయన కోపించలేదు. సభాపర్వంలో పాచికకు వశుడైనవాడు, విరాటపర్వంలో పాచిక గాయపరచినా చలించలేదు.

తానికాయ, చింతగింజ, మట్టి, దంతం, రెజిన్: ద్రవ్యం ఏదైనా పాచిక జడమే. దానిని సమంగా చేయడం శిల్పధర్మం, మార్చకపోవడం ఆటగాని ధర్మం, పడినదానిని సమచిత్తంతో స్వీకరించడం సాధకుని ధర్మం. పడే సంఖ్య మన అధీనం కాదు. పోతలో బుడగ చేరకుండా చూచుకోవడం మాత్రం మన పనే. అహంకారమనే ఆ బుడగ లోపల ఉన్నంతకాలం మనస్సు ఒకేవైపుకు తిరుగుతుంది. దానిని పరీక్షించే ఉప్పునీరు కష్టకాలమే.

స్వస్తి.