వైద్యవిద్య ప్రవేశానికి జీవశాస్త్ర అర్హత

భారతదేశంలో ఎం.బి.బి.ఎస్. కోర్సులో చేరదలచిన విద్యార్థి ఇంటర్మీడియట్ లేదా తత్సమాన పరీక్షలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఆంగ్లం చదివి ఉండాలి. జీవశాస్త్రానికి బదులు బయోటెక్నాలజీ చదివినవారు కూడా అర్హులే. తెలుగు రాష్ట్రాలలో ఈ అర్హత సాధారణంగా బై.పి.సి. గ్రూపు ద్వారా లభిస్తుంది. ప్రవేశ పరీక్షగా ఎంసెట్ ఉన్నప్పుడూ, 2017లో దాని స్థానంలోకి నీట్ వచ్చిన తరువాతా, ఎం.పి.సి. చదివినవారికి ఈ దారి మూసుకుపోయేది. పదిహేనేళ్ళ వయసులో, తరచు పెద్దల మాట మీద జరిగే గ్రూపు ఎంపికే జీవితాన్ని నిర్ణయించేది.

'''నిబంధనలో మార్పు'''

భారత వైద్య మండలి నియమాల ప్రకారం పై శాస్త్రాలను ప్రయోగ తరగతులతో సహా రెండేళ్ళ పాటు క్రమంగా చదివి ఉండవలసి వచ్చేది. జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో దీనిని సడలించింది. పన్నెండవ తరగతి పూర్తయిన తరువాత గుర్తింపు పొందిన బోర్డు నుండి జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా ఉత్తీర్ణులైనవారు కూడా నీట్ రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు 2025-26 నుండి వృక్షశాస్త్రం, జంతుశాస్త్రాలను ఒకే సబ్జెక్టుగా కలిపి, ఎం.పి.సి. విద్యార్థులు సైతం జీవశాస్త్రాన్ని అదనంగా తీసుకొనే వీలు కల్పించింది.

అర్హత లభించినంత మాత్రాన సీటు సులభం కాదు. నీట్‌లోని 720 మార్కులలో 360 జీవశాస్త్రానివే.