అనంతగిరి గాలి, అరచేతిలోని తెర

వికారాబాదుకు ఆ పేరు హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేసిన పైగా వంశీయుడు వికార్ ఉల్ ఉమ్రా వల్ల వచ్చింది. 1874లో వాడి-సికింద్రాబాదు రైలుమార్గం ప్రారంభమవడంతో ఈ ప్రాంతమూ, తాండూరూ నగరానికి చేరువయ్యాయి. తాండూరు నాపరాళ్లు, కందులు నగరానికి తరలాయి. నగరం నుంచి ఈ వైపు వచ్చినవారిలో క్షయరోగులు ఉన్నారు.

మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలపై నిజాం పాలనాకాలంలో క్షయ చికిత్సాలయం వెలసింది. 1882లోనే రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని గుర్తించినా, దానిని చంపే స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు దొరకలేదు. అంతవరకు ప్రపంచమంతటా వైద్యులు విశ్రాంతినీ, పుష్టికరమైన ఆహారాన్నీ, కొండగాలినీ నమ్ముకున్నారు. వారి చేతిలో అంతకంటె మంచి సాధనం లేదు.

ఆ నమ్మకాన్ని పరీక్షించినది మన పొరుగున ఉన్న మద్రాసు. 1956లో అక్కడ నెలకొల్పిన క్షయ పరిశోధన కేంద్రం రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఇరువర్గాలకూ ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చింది. ఒక వర్గం చికిత్సాలయంలో ఉన్నది; మరొక వర్గం పేదల ఇరుకు ఇళ్లలోనే ఉన్నది. 1959లో వెలువడిన ఫలితాలలో రెండు వర్గాలూ దాదాపు సమానంగా కోలుకున్నట్లు తేలింది. ఇంట ఉన్న రోగుల కుటుంబసభ్యులకు అదనపు ముప్పూ కనబడలేదు. క్రమం తప్పని మందే స్వస్థత కలిగించిందని లోకం గ్రహించింది. చికిత్స కొండ దిగి ఇంటికి వచ్చింది.

నేడు అదే ఇంటికి అంతర్జాలం కూడ వచ్చింది. 2012 నుంచి 'నిక్షయ్' ద్వారా క్షయరోగుల వివరాలు నమోదవుతున్నాయి. 2019లో మొదలైన 'ఈ-సంజీవని' వల్ల దూరపు పల్లెవాసి కూడ వైద్యునితో మాట్లాడగలుగుతున్నాడు. ఇది మేలే. కాని కొండగాలితో, కషాయంతో ఊపిరితిత్తులు బాగుపడతాయనే సందేశాలూ అదే ఫోనులోకి వస్తున్నాయి. మందు లేని కాలంలో ఆ మాట ఓదార్పు. మందు ఉన్న కాలంలో అది ప్రాణాంతకమైన జాప్యం.

తాండూరులో రాయి కోసే కార్మికుల విషయంలో ఈ జాప్యం మరింత ప్రమాదకరం. రాతిధూళిలోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ కలుగుతుంది. అది క్షయ ముప్పును పెంచుతుంది. నీరు పోస్తూ రాయి కోస్తే ధూళి తగ్గుతుంది. నగరంలో మన పాదాల కింద నున్నగా ఉన్న బండ వెనుక ఒక కార్మికుని ఊపిరి ఉన్నదని మరువరాదు.

రెండు వారాలు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం - వీటిలో ఏది కనిపించినా ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకోండి. పరీక్షా, మందులూ ఉచితమే. తెరపై వైద్యుడు కనిపించవచ్చు, కాని క్రిమి కనిపించదు. సెలవునాడు అనంతగిరికి తప్పక వెళ్లండి; మనసుకు హాయి కలుగుతుంది. క్షయకు మాత్రం వైద్యుడు చెప్పినన్నాళ్లూ మందు వాడవలసిందే.