పోర్షె 356 కన్వర్టిబుల్

పోర్షె 356 జర్మనీకి చెందిన పోర్షె సంస్థ తన పేరుతో తయారుచేసిన తొలి స్పోర్ట్స్ కారు. 1948లో ఆస్ట్రియాలో మొదలైన దీని ఉత్పత్తి తరువాత పశ్చిమ జర్మనీకి మారి 1965 వరకు కొనసాగింది. మొత్తం 76 వేలకు పైగా కార్లు తయారైనవి. వీటిలో పైకప్పును వెనుకకు మడిచే వీలున్న రకాలను కన్వర్టిబుల్ కార్లు అంటారు. పాతకార్ల విపణిలో వీటికి మంచి గిరాకీ ఉంది. అయితే ఇటువంటి కారు విలువ దాని మెరుపును బట్టి కాక, రంగు కింద ఉన్న లోహాన్ని బట్టి, కారు గుర్తింపునకు ఉన్న ఆధారాలను బట్టి నిర్ణయమవుతుంది.

చరిత్ర

వోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును రూపొందించిన ఫెర్డినాండ్ పోర్షె కుమారుడు ఫెర్రీ పోర్షె ఈ కారు నిర్మాణానికి సారథ్యం వహించాడు. బాడీ రూపకర్త ఎర్విన్ కొమెండా. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సంస్థ ఆస్ట్రియాలోని గ్మూండ్ అనే చిన్న ఊరికి తరలివెళ్ళింది. అక్కడ తయారైన మొదటి కారుకు 1948 జూన్ 8న రహదారి అనుమతి లభించింది. అది కూడా పైకప్పు లేని రెండు సీట్ల కారే. సంస్థ చేపట్టిన రూపకల్పనలలో ఇది 356వది కావడం వలన కారుకు ఆ సంఖ్యే పేరైనది.

గ్మూండ్‌లో సుమారు 50 కార్లు మాత్రమే అల్యూమినియం రేకుతో, చేతిపనిగా తయారైనవి. 1950లో ఉత్పత్తి స్టుట్‌గార్ట్ నగరంలోని జుఫెన్‌హౌసెన్‌కు మారింది. అక్కడ రాయిటర్ అనే సంస్థ ఉక్కు బాడీలను తయారుచేసి ఇచ్చేది. 1951లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో ఈ కారు 1100 సీసీ తరగతిలో గెలుపొందింది. 1964లో పోర్షె 911 ఉత్పత్తి మొదలైన తరువాత 356 క్రమంగా తెరమరుగైనది.

నిర్మాణం

ఇంజను కారు వెనుక భాగంలో ఉంటుంది. రెండేసి సిలిండర్లు ఎదురెదురుగా అమరిన ఈ నాలుగు సిలిండర్ల ఇంజనును గాలితోనే చల్లబరుస్తారు, రేడియేటరు ఉండదు. తొలి ఇంజను వోక్స్‌వ్యాగన్ ఇంజనుకు మెరుగుపరచిన రూపం. దాని శక్తి 40 హార్స్‌పవర్. చివరి దశలో వచ్చిన 1600 ఎస్‌సీ రకానికి 95 హార్స్‌పవర్ ఉండేది.

ఈ కారులో నేల రేకు, బాడీ ఒకే నిర్మాణంగా వెల్డింగు చేయబడి ఉంటాయి. పైకప్పు లేని రకాలలో బరువును మోసేది ప్రధానంగా నేల, తలుపుల కింది పెట్టె దూలాలు. కావున ఆ భాగాలకు తుప్పు పట్టడం అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు, ప్రయాణికుల భద్రతకు సంబంధించిన విషయం.

పైకప్పు తెరుచుకొనే రకాలు

* క్యాబ్రియోలె: అస్తరు వేసిన మందపాటి గుడ్డ పైకప్పు, దింపి ఎత్తగల కిటికీ అద్దాలు గలది.
* స్పీడ్‌స్టర్ (1954-1958): అమెరికాలోని దిగుమతిదారు మాక్స్ హాఫ్‌మన్ కోరికపై తయారైనది. పొట్టి ముందుటద్దం, పలుచని పైకప్పు గలది. ధర 3 వేల డాలర్ల లోపు ఉండేది.
* కన్వర్టిబుల్ డి, రోడ్‌స్టర్: స్పీడ్‌స్టర్ తరువాత వచ్చినవి.

స్పీడ్‌స్టర్‌కు అనుకరణలు అధికం. బీటిల్ కారు నేలపై ఫైబర్‌గ్లాస్ బాడీ అమర్చి వీటిని తయారుచేస్తారు. అనుకరణ అని చెప్పి అమ్మితే తప్పు లేదు. అసలుదని అమ్మితే అది మోసం.

అమ్మకానికి వచ్చిన కారును పరిశీలించే విధానం

ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య, బాడీ సంఖ్య కార్ఖానా నమోదు పత్రంతో సరిపోవాలి. ఈ పత్రాన్ని కార్డెక్స్ అంటారు. కారుతో పుట్టిన ఇంజనే నేటికీ ఉంటే విలువ పెరుగుతుంది.

తరువాత చూడవలసినది తుప్పు. నేల రేకు, ముందు భాగంలోని బ్యాటరీ అర, జాకీ ఆనించే చోట్లు ముఖ్యమైనవి. తుప్పు తిన్న రేకును లప్పంతో పూడ్చి రంగు వేస్తే పైకి కనబడదు. లప్పం మందంగా ఉన్నచోట అయస్కాంతం అంటుకోదు. అయితే కార్ఖానాలోనే రేకుల అతుకులను సీసంతో నింపేవారు. అక్కడ కూడా అయస్కాంతం సరిగా అంటుకోదు. కావున కారును పైకెత్తి అడుగు భాగాన్ని చూడకుండా నిర్ణయానికి రాకూడదు.

నిర్మల్ కళలో కారు రంగు

నిర్మల్ బొమ్మలు, చిత్రాలు తెలిసిన పాఠకులకు లప్పం, డ్యూకో రంగు కొత్త మాటలు కావు. పొనికి చెక్కతో చేసిన బొమ్మల అవయవాలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతుకుతారు. ఒకప్పుడు ప్రకృతి సిద్ధమైన రంగులు వాడిన నిర్మల్ చిత్రకారులు తరువాత డ్యూకో రంగులకు మారారు. ఈ రంగు మొదట కార్ల కొరకు పుట్టినది. అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ దీనిని 1923లో ప్రవేశపెట్టింది. అంతవరకు రోజుల తరబడి సాగిన కార్ల రంగుపని దీనితో గంటలలోనికి వచ్చింది. బొమ్మలో లప్పం పనితనంలో భాగం. పాత కారులో అదే లప్పం లోపాన్ని దాచే ముసుగు కావచ్చు.

ఒక ప్రసిద్ధ అమ్మకం

అమెరికా గాయని జానిస్ జాప్లిన్ 1968లో 1964 నాటి 356 క్యాబ్రియోలెను పాతకారుగా 3,500 డాలర్లకు కొన్నది. తన బృందంలో పనిచేసే డేవ్ రిచర్డ్స్ చేత దానిపై రంగురంగుల బొమ్మలు వేయించుకున్నది. ఆమె 1970లో మరణించింది. 2015 డిసెంబరులో న్యూయార్కులో జరిగిన వేలంలో ఆ కారు 17.6 లక్షల డాలర్లు పలికింది. దానిపై ఉన్న బొమ్మలు 1990లలో తిరిగి వేయబడినవి. అయినా కారు ఎవరిదన్న విషయంలో సందేహం లేకపోవడమే ఆ ధరకు ఆధారం.

భారతదేశంలో నియమాలు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల కొరకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. వీటి ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని వాహనాలు ఈ కోవలోకి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, తిరిగి రిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలుగా నిర్ణయించారు. దిగుమతి చేసుకున్న వాహనానికి కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ కూడా జతపరచాలి. కొత్త సంఖ్యలో రాష్ట్ర సంకేతం తరువాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ఇటువంటి వాహనాల క్రయవిక్రయాలకు అనుమతి ఉంది. ఇరుపక్షాలు 90 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం వంటి పనులకే వీటిని రహదారిపైకి తేవచ్చు. నిత్య ప్రయాణానికి గాని, వ్యాపారానికి గాని వాడరాదు.