గొంతు ఆమెది, ఆలోచన ఎవరిది?

ఎం.ఏ. చదివే రోజుల్లో ‘వదరింగ్ హైట్స్’ నవల మాకు పాఠ్యాంశం. ఆ రోజుల్లోనే, రాక్ సంగీతమంటే చెవి కోసుకునే మిత్రుడొకడు నాకొక జాబితా రాసిచ్చాడు. “ఇవి మామూలు పాటలు కావు, బుర్ర ఉన్నవాళ్లు రాసినవి” అన్నాడు. పింక్ ఫ్లాయిడ్, జెనెసిస్, రష్, ఐరన్ మెయిడెన్... అన్నీ మగవాళ్ల బ్యాండ్లే. ఒక్క స్త్రీ పేరు లేకపోవడం అప్పట్లో నాకు లోటుగా కూడా తోచలేదు. మేం క్లాసులో చదువుతున్న నవల మీదే 18 ఏళ్ల అమ్మాయి ఒక పాట రాసిందని, అది 1978లో బ్రిటన్ అంతా మారుమోగిందని చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు తెలియలేదు. తెలిశాక ఆ జాబితా మీదే అనుమానం వచ్చింది. రాక్ చరిత్రలో మేధావి అన్న పీట ఎవరికి వేశారు? ఎవరిని నిలబెట్టి పాడమన్నారు?

1960ల చివరికి వచ్చేసరికి రాక్ సంగీతం మూడు నిమిషాల ప్రేమపాటతో తృప్తిపడడం మానేసింది. ఎల్.పి. రికార్డు మొత్తాన్ని ఒకే కథగానో, ఒకే భావం చుట్టూనో అల్లే ‘కాన్సెప్ట్ ఆల్బమ్’ వచ్చింది. 1969లో ది హూ బ్యాండ్ ‘టామీ’ని రాక్ ఒపెరాగా తెచ్చింది. 1976లో కెనడా బ్యాండ్ రష్, ‘2112’ రికార్డులో ఒక పక్కంతా, సుమారు 20 నిమిషాల పాటు, పూజారుల నిరంకుశ పాలనలో సంగీతాన్ని మరిచిపోయిన భవిష్యత్ సమాజం కథ చెప్పింది. అందుకు రచయిత్రి అయిన్ రాండ్‌కు రుణపడ్డామని ఆల్బమ్ మీదే రాసుకుంది. 1984లో ఐరన్ మెయిడెన్, కోలరిడ్జ్ దీర్ఘకవితను దాదాపు 14 నిమిషాల మెటల్ పాటగా మలిచింది.

ఈ కృషిని నేను తేలిక చెయ్యను. కానీ ఈ ఆలోచనల ప్రపంచంలో స్త్రీ ఎక్కడుందని వెతికితే మనసు చివుక్కుమంటుంది. పింక్ ఫ్లాయిడ్ ‘ది వాల్’ (1979) చూడండి. యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న కథానాయకుడు తన చుట్టూ గోడ కట్టుకుంటాడు. ఆ గోడకు ఇటుకలు అందించినవాళ్లలో క్రూరులైన టీచర్లతో పాటు అతిగా కాపాడే తల్లి, ద్రోహం చేసిన భార్య ఉన్నారు. తల్లి మాట్లాడుతుంది గానీ, అదీ మగగొంతుతోనే. అదే యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆమె భయం ఎలాంటిదో ఎవరూ అడగరు.

ఇప్పుడు మళ్లీ ‘వదరింగ్ హైట్స్’ దగ్గరికి వద్దాం. ఎమిలీ బ్రాంటీ 1847లో ఈ నవలను ఎల్లిస్ బెల్ అనే మారుపేరుతో ప్రచురించింది. ఆడపేరు కనిపిస్తే విమర్శకుల చూపు మారిపోతుందని బ్రాంటీ అక్కచెల్లెళ్లకు తెలుసు. 1976లో జెనెసిస్ తన ఆల్బమ్‌కు ‘విండ్ అండ్ వదరింగ్’ అని పేరు పెట్టి, నవల చివరి వాక్యంలోని మాటలను రెండు వాద్య సంగీత ఖండాలకు శీర్షికలుగా తీసుకుంది. నవలలోని గాలి ఆ ఆల్బమ్‌లోకి వచ్చింది, కేథరిన్ మాత్రం రాలేదు.

మరుసటి ఏడాది, 18 ఏళ్ల కేట్ బుష్ ఈ నవలకు పాట కట్టింది. టీవీలో దాని రూపకం చివరి నిమిషాలు చూడడమే అందుకు ప్రేరణ. నవలలో, చనిపోయిన కేథరిన్ కిటికీ దగ్గరికి వచ్చిన సంగతి మనకు లాక్‌వుడ్ అనే అతిథి చెబుతాడు. భయంతో అతను ఆమె మణికట్టును పగిలిన అద్దానికేసి రుద్దుతాడు. ఆ క్షణంలో ఆమెకేమనిపించిందో మనకు తెలియదు. కేట్ బుష్ పాటలో మాట్లాడేది కేథరినే. గదిలో వణుకుతున్న మగవాడి దగ్గర్నించి కథను తీసుకుని, బయట చలిలో నిలబడ్డ స్త్రీ చేతిలో పెట్టిందీ అమ్మాయి. సాహిత్య విద్యార్థిగా నాకిది నవల మీద రాసిన విమర్శలాగే కనిపిస్తుంది.

రికార్డు కంపెనీ ఇ.ఎం.ఐ. ముందు వేరే పాట విడుదల చేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. 1978 మార్చిలో ఈ పాట బ్రిటిష్ పట్టికలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఒక స్త్రీ తానే రాసి, తానే పాడిన పాట అక్కడికి చేరడం అదే మొదటిసారి. కానీ ప్రచారానికి ఎంచుకున్నది పల్చటి గులాబీరంగు బనియన్‌లో ఆమె ఫోటో. 1980లో ఒక టీవీ హాస్య కార్యక్రమం ఆమె గొంతునూ, ఒంటికి అతుక్కునే దుస్తులనూ వెక్కిరించింది. అదే 1978లో ఎన్.ఎం.ఇ. పత్రిక రష్ బ్యాండ్‌ను వాళ్ల రాజకీయ భావాల గురించి నిలదీసి, ఫాసిజం వాసన ఉందన్నట్టు రాసింది. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. మగవాళ్లను తిట్టడానికైనా వాళ్ల ఆలోచనలను పట్టించుకున్నారు.

ఆమె మాత్రం ఆగలేదు. 1985 నాటి ‘హౌండ్స్ ఆఫ్ లవ్’లో రెండో పక్కంతా, రాత్రివేళ సముద్రంలో ఒంటరిగా తేలుతున్న స్త్రీ మనోలోకం. అందులో ఒక భాగం మంత్రగత్తె అని ముద్రవేసి జరిపే విచారణ. ఆ ఆల్బమ్‌ను సొంత స్టూడియోలో, తనే నిర్మాతగా చేసింది. 1989లో జేమ్స్ జాయిస్ ‘యులిసీస్’ చివర వచ్చే మాలీ బ్లూమ్ స్వగతాన్ని పాడాలనుకుంటే జాయిస్ రచనల హక్కుదారులు కాదన్నారు. తన మాటలు తనే రాసుకుని పాడింది. 2011లో అనుమతి దొరికాక అసలు మాటలతో మళ్లీ పాడింది. ఒక మగ రచయిత ఊహించిన స్త్రీ మనసును ఒక స్త్రీ తన గొంతులోకి తెచ్చుకోవడానికి 22 ఏళ్లు పట్టింది.

మెటల్‌లోనూ ఈ ప్రశ్న వెంటాడుతుంది. బ్రెజిల్ బ్యాండ్ ఆంగ్రా 1993లో కేట్ బుష్ పాటను మగగొంతుతో, అంతే హెచ్చు స్థాయిలో పాడింది. ఫిన్లాండ్ బ్యాండ్ నైట్‌విష్‌కు ప్రపంచఖ్యాతి వచ్చింది తార్యా తురునెన్ గొంతుతో. పాటలు ప్రధానంగా రాసేది తువోమాస్ హోలోపైనెన్. 2005లో తార్యాను ఒక బహిరంగ లేఖతో బ్యాండ్ నుంచి తొలగించారు. 2015లో అదే బ్యాండ్ డార్విన్ మాటలతో ఆల్బమ్‌కు పేరు పెట్టి, శాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్‌తో వ్యాఖ్యానం చెప్పించింది. పాడింది ఫ్లోర్ యాన్సెన్. పరిణామ సిద్ధాంతం వివరించడానికి ఒక పురుషుడు, దాన్ని ఆలపించడానికి ఒక స్త్రీ. ఆ పంపకం ఎవరికీ వింతగా తోచదు, అంతగా అలవాటు పడిపోయాం.

అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పింక్ ఫ్లాయిడ్‌ను 1996లో, జెనెసిస్‌ను 2010లో, రష్‌ను 2013లో చేర్చుకుంది. కేట్ బుష్‌ను 2023లో చేర్చుకుంది. అదీ అంతకు ముందు ఏడాది ఒక టీవీ సీరియల్ పుణ్యమా అని ఆమె 1985 నాటి పాట మళ్లీ వెలుగులోకి వచ్చి, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరాక.

మిత్రుడి జాబితా ఇంకా నా దగ్గరే ఉంది. అందులోని పాటలు ఇప్పటికీ ఇష్టంగానే వింటాను. అడుగున ఆమె పేరు చేర్చి ఊరుకుందామా అనుకున్నాను గానీ, చెయ్యి రాలేదు. కొలబద్ద మార్చకుండా పేరు చేరిస్తే ఆమె మినహాయింపుగా మిగిలిపోతుంది. స్త్రీ పాడుతున్నప్పుడు గొంతు బాగుందనే ముందు, ఏం చెబుతోందని అడగడం మనం నేర్చుకోవాలి. నేను నేర్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.