అద్దె ఇంటి నుంచి చంద్రమండలానికి

2014 మే నెలలో "చందమామలో అమృతం" అనే తెలుగు చిత్రం విడుదలైంది. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు జెమిని టీవీలో వారం వారం నడిచిన "అమృతం" ధారావాహిక దానికి మాతృక. ధారావాహికను నిర్మించిన గుణ్ణం గంగరాజే చిత్రానికీ దర్శకుడు. కనుక పరాయి చేతిలో పడి చెడిందనటానికి వీలు లేదు. అయినా మూడువందలకు పైగా భాగాలకు ప్రజలిచ్చిన ఆదరణ ఈ ఒక్క చిత్రానికి దక్కలేదు. నటులు మారటమే కారణమని చాలామంది సరిపెట్టుకున్నారు. ఆ సమాధానం చాలదు. ధారావాహికలోనే అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ ధరించారు. దానివల్ల ధారావాహిక కూలిపోలేదు. కారణం ముఖాల్లో కాదు, మరెక్కడో వెతకవలసి ఉంది.

హాస్యమనగానే విమర్శకు తగదనుకునే అలవాటు మనలో కొందరికి ఉన్నది. అమృత విలాస్ అనే చిన్న హోటలు చరిత్రను అటువంటివారు కూడా ఒకసారి పరికించాలి. ఇద్దరు మిత్రులు, అమృతరావు, ఆంజనేయులు. ఒకరి కింద పనిచేయటం మీద విసుగు, స్వంత వ్యాపారం మీద ఆశ. చేతిలో పెట్టుబడి స్వల్పం. ఉంటున్నది అద్దె ఇల్లు, ఇంటి యజమాని అప్పాజీ. హోటల్లో వడ్డించేవాడు సర్వం. ప్రతివారం పైకి రావటానికి ఒక కొత్త ఎత్తు వేస్తారు, అది తలకిందులవుతుంది, మరుసటి వారం ఆ ఇంట్లోనే, ఆ హోటల్లోనే మళ్లీ కనిపిస్తారు. ఇక్కడ రూపమే వస్తువు. దిగువ మధ్యతరగతి మనిషి ఎంత పరుగెత్తినా ఉన్నచోటనే ఉంటాడన్న సత్యాన్ని ఏ పాత్రా ఉపన్యసించి చెప్పలేదు. వారం తరువాత వారం రావటమే చెప్పింది.

ఆ సంవత్సరాలు ఎటువంటివో మరువరాదు. 1991 ఆర్థిక విధానాలకు పదేళ్లు నిండాయి. ఈటీవీ, జెమిని 1995లో మొదలై ఇంటింటికీ చేరాయి. ఉద్యోగాలు అడగవద్దు, స్వయంగా వ్యాపారం చేసుకోండి అని పాలకులు బోధిస్తున్నారు. టెక్కలి, పలాస, ఉద్దానం ఊళ్ల నుంచి కుర్రవాళ్లు హైదరాబాదుకు పోయి కట్టడాల్లో, హోటళ్లలో పనికి కుదురుతున్నారు. రావివలస నుంచి పోయినవాడికి నగరంలో మొదట ఎదురయ్యేది గోలకొండ కాదు, గది అద్దె, దానికి ముందుగా కట్టవలసిన అడ్వాన్సు. అప్పాజీని చూసి అతడు నవ్వాడంటే ఆ నవ్వులో అతని సొంత లెక్క ఉంది.

ఈ సామగ్రిని వెండితెర ఏం చేసింది? వెండితెరకు విస్తృతి కావాలి, ముగింపు కావాలి, టిక్కెట్టు కొన్నవాడికి ఇంట్లో దొరకనిది చూపాలి. అందుచేత మిత్రులిద్దరినీ చంద్రుడి మీదికి పంపారు, అక్కడ హోటలు పెట్టించబోయారు. ఊహ చెడ్డదేమీ కాదు. అప్పాజీ చిత్రంలోనూ ఉన్నాడు. కాని నెల మొదటి తారీఖు లేదు. అద్దె గడువు లేని లోకంలో అప్పాజీ ఉత్త హాస్యగాడు.

మా రావివలసలో ఎండల మల్లికార్జునుడి పెద్ద లింగం పైన కప్పు లేకుండా ఎండలోనే ఉంటుంది. దానికి చెప్పే కథను నమ్మనక్కర లేదు. కాని కప్పు వేస్తే అది ఎండల మల్లన్న కాదన్నది మాత్రం నిజం.

నాటకాన్ని చిత్రంగా మార్చిన అనుభవం మన ప్రాంతానికి ఇంతకు ముందే ఉంది. విజయనగరంలో 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయిన "కన్యాశుల్కా"న్ని గురజాడ 1909లో ఏడంకాలుగా పెంచి తిరగరాశారు. అది ఒక్క రాత్రికి లొంగే నాటకం కాదు. 1955లో వినోదా సంస్థ పి. పుల్లయ్య దర్శకత్వంలో దాన్ని చిత్రంగా తీసింది. సావిత్రి మధురవాణిని కొనియాడనివారు అరుదు. అయితే రామారావు గిరీశం కావటంతోనే ప్రేక్షకుడి చూపు కథానాయకుణ్ణి వెతుక్కుంటుంది. నాటకంలోనేమో ఊరంతా కలిసి ముద్దాయి. నిడివి కుదిస్తే ముందుగా నలిగేది ఆ ఊరే. అయినా ఒక్క మాట చెప్పాలి: "కన్యాశుల్కా"నికి ఒక ముగింపు ఉన్నది, అందుకే చిత్రం నిలిచింది. "అమృతా"నికి ముగింపు లేకపోవటమే ప్రాణం.

అమెరికాలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 1963–67లో నడిచిన "ది ఫ్యుజిటివ్" ధారావాహికను 1993లో చిత్రంగా తీస్తే విజయం పొందింది. నిర్దోషి తన నిర్దోషిత్వం రుజువు చేసుకుంటాడా అన్న ఒకే ప్రశ్న మీద ఆ ధారావాహిక నడిచింది. జవాబు రెండు గంటల్లో చెప్పవచ్చు. 1955–56లో 39 భాగాలుగా వచ్చిన "ది హనీమూనర్స్"లో కథానాయకుడు బ్రూక్లిన్‌లో బస్సు డ్రైవరు. అతని వంటగదిలో ఒక బల్ల, కొన్ని కుర్చీలు, తీరని ధనాశ. అతడు మన అమృతరావుకు పెద్దన్న. 2005లో ఆ కథను చిత్రంగా తీశారు. జనం చూడలేదు.

2020 ఉగాదినాడు "అమృతం ద్వితీయం" జీ5లో భాగాలుగా మొదలైంది. ఆంజనేయులుగా అందరికీ పరిచితుడైన గుండు హనుమంతరావు 2018లో కన్నుమూశారు. ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ ధరించారు. అంటే, కథ తన పాత రూపానికే తిరిగి వచ్చింది. ఆ మార్చి 25వ తేదీనే దేశమంతా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. హోటళ్లు మూతపడ్డాయి. గది అద్దె కట్టలేని వలస కూలీలు కాలినడకన ఊళ్ల దారి పట్టారు.